ప్రసంగమా, గృహ కూటమా, ఒక్కరితో ఒక్కరా? సంఘంలో ఎదగడానికి మీకు తగిన దారి ఏది

నా దగ్గర మూడు నోటు పుస్తకాలున్నాయి. కొన్నేళ్ల ఆదివారపు ప్రసంగాలు వింటూ రాసుకున్నవి. పైన తేదీ, వాక్యభాగం. కింద బోధకుడు చెప్పిన అంశాలు. చివర ఒక గీత గీసి, ఆ వారానికి నేను చేసుకున్న తీర్మానం. ఒకరోజు ఏదో వచనం కోసం మూడింటినీ ముందేసుకుని తిరగేస్తుంటే సిగ్గేసింది. ‘కోపం తగ్గించుకోవాలి’ అన్న తీర్మానం మూడు పుస్తకాల్లోనూ ఉంది. మాట కూడా మారలేదు. బోధించినవారి లోపమేమీ లేదు, నేను కునికిపాట్లు పడుతూ విన్నదీ లేదు. ఆ తీర్మానం ఏమైందని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి, ఏ సంఘమైనా విశ్వాసులను ఎలా పెంచుతోందో చూడాల్సి వస్తే నేను మొదట చూసేది ఒక్కటే: ఇక్కడ నన్ను అడిగేవారు ఎవరు? మత్తయి సువార్త చివర యేసు ఇచ్చిన ఆజ్ఞలో ‘గైకొనవలెనని వారికి బోధించుడి’ అని ఉంది. మనం చాలాసార్లు ‘బోధించుడి’ ఒక్కటే పట్టుకుంటాం. గైకొనడమంటే పాటించడం. పాఠం చెప్పామో లేదో చూసుకోవడం తేలిక. పాటిస్తున్నారో లేదో తెలియాలంటే మనిషికి దగ్గరగా వెళ్లాలి.

ఇక్కడ చెప్పబోయే దారులన్నీ వేర్వేరు శాఖల సంఘాలు చాలాకాలంగా నడిచినవే. అయితే అన్నీ ఒకే పని చేయవు. ఒకదాని నుంచి మరొకటి ఇచ్చే ఫలం ఆశించినప్పుడే చాలామంది నిరాశపడతారు, ఆ నిరాశతోనే సంఘాలు మారుతుంటారు.

ప్రసంగం

ఒకే గంటలో వందలమందికి వాక్యం అందించే దారి ఇదొక్కటే. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం ఈమధ్య కొందరికి అలవాటైంది కానీ, సరైన బోధ లేని సంఘంలో మిగతా ఏర్పాట్లన్నీ గాలిలో తేలుతుంటాయి. ఇక్కడ తేల్చుకోవలసింది ప్రసంగం వరుస బోధా, అంశాల బోధా అన్నది. 1519 జనవరి 1న జూరిచ్‌లో స్విస్ సంస్కర్త ఉల్రిచ్ జ్వింగ్లీ అప్పటి ఆనవాయితీని పక్కనపెట్టి, మత్తయి సువార్తను మొదటి అధ్యాయం నుంచి వరుసగా బోధించడం మొదలుపెట్టాడు. ఈ పద్ధతిలో బోధకుడు తనకు నచ్చిన నాలుగు విషయాల చుట్టూ తిరుగుతూ ఉండలేడు. ధనాన్ని గురించో, శత్రువును ప్రేమించడాన్ని గురించో ఇబ్బంది పెట్టే భాగం వచ్చినప్పుడు దాటవేయలేడు. అంశాల బోధ సంఘంలో అప్పటికప్పుడు ఉన్న అవసరానికి జవాబిస్తుంది, కానీ ఏళ్లు గడిచేకొద్దీ బోధకుడి అభిరుచే సంఘం వేదాంతమైపోయే ప్రమాదం ఉంది. ఏదైనా సంఘంలో చేరేముందు గత ఆరు నెలల ప్రసంగాల వాక్యభాగాలను ఒకసారి వరసగా చూడండి. పాత నిబంధన ఎంత ఉంది, అపొస్తలులు రాసిన పత్రికలు ఎన్ని, దీవెనల వచనాలు ఎన్ని అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ప్రసంగం చేయలేనిది కూడా స్పష్టమే. అది మిమ్మల్ని పేరుపెట్టి అడగదు. ఎఫెసు పెద్దలతో పౌలు ‘బహిరంగంగానూ, ఇంటింటానూ’ బోధించానని చెప్పుకున్నాడు. ఆ రెండో సగం లేకపోతే నా నోటు పుస్తకాల సంగతే అవుతుంది.

ప్రశ్నోత్తరి, బాప్తిస్మపు తరగతులు

1528లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతపు సంఘాలను చూడటానికి వెళ్లిన సంస్కర్త మార్టిన్ లూథర్ కంగుతిన్నాడు. సామాన్య విశ్వాసులకు ప్రభువు నేర్పిన ప్రార్థన రాదు, పది ఆజ్ఞలు రావు. కొందరు కాపరులకు బోధించడమే చేతకాదు. మరుసటి ఏడాది ఆయన చిన్న ప్రశ్నోత్తరిని, అంటే విశ్వాస సారాన్ని ప్రశ్నలు, జవాబులుగా నేర్పే పుస్తకాన్ని, వెలువరించాడు. దాన్ని బడి పిల్లల కోసమని కాక, ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పించాలని రాయడం గమనించదగ్గది. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిలో 129 ప్రశ్నలుంటాయి. ఏడాదిలో పూర్తయ్యేలా వాటిని 52 ఆదివారాలకు పంచారు. 1647 నాటి వెస్ట్‌మినిస్టర్ చిన్న ప్రశ్నోత్తరిలో ఉన్నవి 107.

ఈ చివరి రెండింటి మొదటి ప్రశ్నలు చదివితే ఏది ఎవరికి పనికొస్తుందో సగం తెలిసిపోతుంది. బ్రతుకులోనూ చావులోనూ నీకున్న ఒకే ఆదరణ ఏమిటని హైడెల్‌బర్గ్ అడుగుతుంది. మనిషి జీవితానికి ముఖ్యోద్దేశం ఏమిటని వెస్ట్‌మినిస్టర్ అడుగుతుంది. మొదటిది గాయపడ్డవారితో మాట్లాడుతుంది, రెండోది ఆలోచించేవారితో. శోకంలో ఉన్నవారి చేతిలో రెండోది పెట్టడం నాకైతే మనసొప్పదు.

తొలి శతాబ్దాల సంఘం బాప్తిస్మానికి ముందు మూడేళ్ల వరకూ శిక్షణ ఇచ్చిన దాఖలాలున్నాయి. కథోలిక సంఘం పెద్దవారిని దశలవారీగా సిద్ధపరిచే ఆ పాత పద్ధతిని పునరుద్ధరించి, 1972లో దానికి ఒక క్రమాన్ని ప్రకటించింది. వీటి పక్కన పెడితే, మూడు శనివారాల్లో ముగిసే బాప్తిస్మపు తరగతి చాలా పలచగా కనిపిస్తుంది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి, అన్యుల ఇంట్లో పుట్టి పెరిగినవారికి, ‘నువ్వు నమ్మేదేమిటి’ అని ఎవరైనా అడిగితే నాలుగు వాక్యాల్లో చెప్పలేక తడబడే పాత విశ్వాసులకు నేను మొదట సూచించేది ఇదే. ఇక్కడ అడిగేవారు ఉంటారు. కాకపోతే జవాబు ముందే అచ్చయి ఉంటుంది. ప్రశ్న తనలో పుట్టకముందే జవాబు నోటికొచ్చేస్తే, మనిషి తనకు తెలుసనే భ్రమలో ఉండిపోవచ్చు.

ఇంకా నమ్మని, సందేహాలున్న మిత్రుడిని తీసుకెళ్లాలంటే ప్రశ్నోత్తరి కాదు, స్వేచ్ఛగా ప్రశ్నించనిచ్చే కోర్సు కావాలి. 1977లో లండన్‌లోని ఒక ఆంగ్లికన్ సంఘంలో మొదలైన ఆల్ఫా కోర్సు అలాంటిదే. కలిసి భోంచేయడం, ఒక ప్రసంగం వినడం, తర్వాత ఎవరికి తోచింది వారు మాట్లాడటం. అది గుమ్మం మాత్రమే. ఆ కోర్సు ముగిశాక ఏముందో చెప్పలేని సంఘంలో గుమ్మం దాటినవారు అక్కడే నిలబడిపోతారు.

చిన్న గుంపులు

ఎక్కువ ఆశలు పెట్టుకునేదీ, ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

గృహ కూటంలో పదిమంది కూర్చుంటారు. పాట అయ్యింది, ప్రార్థన అయ్యింది. నాయకుడు చుట్టూ చూసి, ‘ఈ వారం ఎలా గడిచింది?’ అంటాడు. మొదటివారు ‘దేవుని కృప, అంతా బాగుంది’ అంటారు. రెండోవారు ‘దేవుని కృపే.’ ఆ మాట వలయంగా తిరిగి నాయకుడి దగ్గరికి వచ్చేస్తుంది. ఎవరూ అబద్ధమాడలేదు, కృప నిజమే. కానీ ఒకాయనకు పది రోజులుగా ఇంట్లో భార్యతో మాటల్లేవు. ఒకామెకు ప్రార్థన చేయబుద్ధి కావడం లేదు. ప్రార్థన అంశాల దగ్గరికి వచ్చేసరికి అందరూ ఎక్కడో ఉన్న బంధువుల ఆరోగ్యాల గురించి చెబుతారు. ‘నాకు తెలిసిన ఒకరు’ అని మొదలుపెట్టి తన సంగతే చెప్పేవారు కాస్త ధైర్యవంతులు. ఇలాంటి కూటం ఏళ్ల తరబడి ఎవరినీ కదిలించకుండా హాయిగా నడిచిపోగలదు.

దీనికి మందు పాతదే. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, జాన్ వెస్లీ నడిపిన మెథడిస్టులకు మందిర నిర్మాణపు అప్పు తీర్చాల్సి వచ్చింది. పన్నెండుమందికి ఒకరి చొప్పున నియమించి, వారానికో పెన్నీ వసూలు చేద్దామనుకున్నారు. డబ్బు కోసం ఇంటింటికీ తిరిగినవారు తాము చూసిన సంగతులు వెస్లీకి చెప్పారు: ఫలానా ఆయన జీవితం సరిగా లేదు, ఫలానా ఇంట్లో గొడవలు. ఇన్నాళ్లూ తనకు లోటుగా ఉన్నది ఇదేనని వెస్లీకి తట్టింది. అప్పు తీర్చే ఏర్పాటు కాస్తా ఆత్మల బాగోగులు చూసే ఏర్పాటైంది. క్లాసు అని పిలిచిన ఆ గుంపులో ప్రతి ఒక్కరి ఆత్మీయ స్థితినీ నాయకుడు వారం వారం విచారించేవాడు. మూడు నెలలకోసారి సభ్యత్వపు చీటీ కొత్తది ఇచ్చేవారు. అది ఇవ్వలేదంటే అర్థం ఏమిటో అందరికీ తెలుసు.

అంతకన్నా లోతైనది ఇంకొకటి ఉండేది, బ్యాండు. కొద్దిమందే ఉంటారు. స్త్రీలు వేరు, పురుషులు వేరు, పెళ్లయినవారు వేరు, కానివారు వేరు. 1738లో రాసుకున్న నియమాల ప్రకారం ‘మనం కిందటిసారి కలిసినప్పటి నుంచి నువ్వు తెలిసి చేసిన పాపాలేమిటి?’ అని ప్రతిసారీ అడిగేవారు. వినగానే వెన్ను చల్లబడుతుంది. కానీ ఆ నియమాల్లోనే మరో సంగతి ఉంది: చేర్చుకునే ముందు ‘నీ తప్పులు నీకు చెప్పడం నీకు ఇష్టమేనా?’ అని అడగాలి. ముందు అనుమతి, తర్వాతే ప్రశ్న. ఆ వరస తప్పిన కూటాల్లోనే మనుషులు గాయపడి బయటికి వస్తారు.

కాబట్టి ‘మా దగ్గర చిన్న గుంపులున్నాయి’ అని సంఘం చెప్పినప్పుడు ఏ రకమో అడగండి. 1670లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లూథరన్ కాపరి ఫిలిప్ యాకోబ్ స్పెనర్ తన ఇంట్లో మొదలుపెట్టినది వాక్యాన్నీ భక్తి పుస్తకాలనూ కలిసి చదివి చర్చించుకునే గుంపు. సియోల్‌లో కాపరి యోంగి చో సంఘం 1964 నుంచి పెంచుకుంటూ వచ్చినది ఇరుగుపొరుగును ప్రభువు దగ్గరికి తెచ్చే గుంపు. ఆయన అనారోగ్యంతో కుప్పకూలినప్పుడు ఆ గుంపుల భారాన్ని చాలావరకు స్త్రీలు మోశారు. అలాంటి గుంపు పెరగడం కోసమే ఉంటుంది, పెరిగాక రెండుగా చీలుతుంది. మనసు విప్పడానికి ఏడాది పట్టే స్వభావం మీదైతే, సరిగ్గా మీరు మాట్లాడటం మొదలుపెట్టే వేళకు మీ గుంపు విడిపోతుంది. అది వారి లోపం కాదు, మీకు తగిన గుంపు కాదు, అంతే.

ఒక్కరితో ఒక్కరు

అపొల్లో చక్కటి వక్త, లేఖనాల్లో ప్రవీణుడు. అయినా అతనికి తెలియనిది ఉందని గమనించిన ప్రిస్కిల్ల, అకుల దంపతులు సమాజమందిరంలో లేచి సరిదిద్దలేదు. తమతో చేర్చుకుని విశదంగా చెప్పారు. ఈ దారి మర్యాదంతా అక్కడే ఉంది.

ఇందులో రెండు ధోరణులున్నాయి, రెంటికీ పోలిక తక్కువ. ఒకటి శిక్షణ. 1933లో డాసన్ ట్రాట్‌మన్ నావికుల మధ్య ప్రారంభించిన నావిగేటర్స్ పరిచర్య దీనికి పేరుపడ్డది. వచనాలు కంఠస్థం చేయడం, వాక్యధ్యానం, ప్రార్థన, సాక్ష్యం ఒకరి పక్కన కూర్చుని నేర్చుకోవడం, ఆపై మరొకరికి నేర్పడం. తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు నుంచి తిమోతికి, తిమోతి నుంచి నమ్మకమైన మనుష్యులకు, వారి నుంచి ఇతరులకు అన్న నాలుగు తరాల వరసే దీనికి ఆధారం. ఒకరు ఇద్దరిని, ఆ ఇద్దరు నలుగురిని అంటూ వేసే లెక్క నల్లబల్ల మీద చూడటానికి బాగుంటుంది. వాస్తవంలో ఒకరు ఊరు మారతారు, ఒకరు ఫోను ఎత్తరు. ఆ లెక్క చూసి తొందరపడే సంఘం కన్నా, ఒక్క మనిషి మీద రెండేళ్లు వెచ్చించడానికి సిద్ధపడ్డ పెద్ద ఉన్న సంఘం మేలు.

రెండోది ఆత్మీయ మార్గదర్శనం. జెస్యూట్ సభను స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ రూపొందించిన ఆత్మీయ సాధనలకు 1548లో పోపు ఆమోదం లభించింది. పూర్తిగా చేస్తే ముప్పై రోజుల ఏకాంతం. అంత తీరిక లేనివారు ఇంట్లో ఉంటూ, రోజూ కొంత సమయం కేటాయించి, నెలల తరబడి చేసే వీలు కూడా ఆయనే పెట్టాడు. ఇక్కడ మార్గదర్శి పాఠం చెప్పడు, ఎక్కువగా వింటాడు. మీ ప్రార్థనలో ఏం జరుగుతోందో మీరే గుర్తుపట్టేలా చిన్న చిన్న ప్రశ్నలు వేస్తాడు. విశ్వాసంలో కొత్తవారికి మొదటిది, ఏళ్లుగా నడుస్తూ లోపల ఎండిపోయినవారికి రెండోది అని నా అభిప్రాయం. తారుమారైతే కొత్తవారు దిక్కుతోచక, పాతవారు విసిగిపోయి మానేస్తారు.

ఈ దారిలో ఉన్న ప్రమాదం మిగతా వేటిలోనూ లేదు. 1970ల్లో అమెరికాలో ఒక ఉద్యమం ప్రతి విశ్వాసీ ఒక వ్యక్తిగత కాపరికి లోబడాలని నేర్పింది. లోబడటం కాస్తా పెళ్లి, ఉద్యోగం, డబ్బు వంటి సొంత నిర్ణయాలన్నింటికీ అనుమతి తీసుకోవడం దాకా పోయింది. దాని నాయకుల్లో ఒకరు తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మిమ్మల్ని నడిపించేవారు తాము కూడా ఎవరికైనా లెక్క చెబుతున్నారా? మీ ఇంటివారికి తెలియకుండా ఉంచమంటున్నారా? ‘నాకు తెలియదు’, ‘నేను పొరబడ్డాను’ అన్న మాటలు వారి నోట ఎప్పుడైనా విన్నారా? ఈ మూడింట్లో ఏ ఒక్కటి మీకు ఇబ్బందిగా అనిపించినా వెంటనే ఆగండి. స్త్రీలకు స్త్రీలు, పురుషులకు పురుషులు, అదీ నలుగురి కంటికి కనిపించే చోట కలవడం అన్న పాత కట్టుబాటును పాతదని కొట్టిపారేయకండి.

క్యాలెండరు, పరిచర్య, సొంత చదువు

ఆరాధన క్రమం, పండుగల క్యాలెండరు ఉన్న సంఘాలు ఆగమన కాలం, శ్రమల కాలం, పునరుత్థానం అంటూ ఏటా విశ్వాసిని క్రీస్తు జీవితం గుండా నడిపిస్తాయి. పలు ప్రొటెస్టెంట్ శాఖలు వాడే 1992 నాటి ఉమ్మడి పాఠాల పట్టిక మూడేళ్ల చక్రంలో తిరుగుతుంది: ఒక ఏడాది మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా, మధ్యమధ్య యోహాను. దీని బలం ఏమిటంటే అది మన మనఃస్థితి మీద ఆధారపడదు. సొంత మాటలతో ప్రార్థించే ఓపిక లేని రోజుల్లో సంఘం మాటలు మనల్ని మోస్తాయి. ఉద్వేగభరితమైన ఆరాధనలో అలసిపోయి వచ్చినవారు ఇక్కడ ఊపిరి పీల్చుకోవడం చూశాను. అలవాటై, పెదవులు మాత్రమే కదిలే స్థితి వచ్చినవారినీ చూశాను.

ఇక పరిచర్య. యేసు పన్నెండుమందిని పూర్తిగా సిద్ధమయ్యాక పంపలేదు, నేర్చుకుంటూ ఉండగానే పంపాడు. కనుక పని అప్పగించడమూ పెంచడమే. కానీ కొత్తవారికి వచ్చిన నెలకే మైకు పనో, కుర్చీలు సర్దే పనో, పాటల బృందమో అప్పగించి దాన్నే ఎదుగుదల అనుకునే సంఘాలున్నాయి. షికాగో సమీపంలోని విల్లో క్రీక్ అనే పెద్ద సంఘం తన సభ్యులను సర్వే చేసి, 2007లో ఫలితాలను దాచకుండా బయటపెట్టింది. సంఘ కార్యక్రమాల్లో ఎక్కువగా పాల్గొన్నంత మాత్రాన దేవునిపట్ల, పొరుగువారిపట్ల ప్రేమ పెరగడం లేదని తేలింది. ఎదుగుదలకు అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడింది వ్యక్తిగతంగా బైబిల్ చదివి ధ్యానించడం. కార్యక్రమాల మీదే పేరు తెచ్చుకున్న సంఘం ఈ మాట ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

సొంత చదువుకు కూడా సంఘం చేయి అందించగలదు. స్కాట్లండ్‌లోని డండీలో కాపరిగా ఉన్న రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘమంతా ఒకే రోజు ఒకే అధ్యాయాలు చదివేలా ఏడాది పట్టిక తయారుచేశాడు. అందులో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తవుతాయి. దాంతోపాటు ఆ పట్టిక వల్ల కలిగే ప్రమాదాలను కూడా ఆయనే రాసిచ్చాడు: మొక్కుబడి చదువు, చదివేశానన్న స్వనీతి, కొందరికి మోయలేని కాడిగా మారడం. తన పద్ధతి ఎక్కడ చెడిపోతుందో ముందే చెప్పే కాపరిని నేను సులభంగా నమ్ముతాను.

మరి మీకేది?

విశ్వాసంలోకి వచ్చి రెండేళ్లు కాలేదంటే ప్రశ్నోత్తరి వంటి క్రమమైన బోధ, దాని పక్కన ఒక పెద్దవారి తోడు. గృహ కూటం ఆ తర్వాత. వాక్యం బాగా తెలుసు, ఇతరులకు బోధిస్తారు కూడా, కానీ జీవితంలో ఒకచోట మళ్లీ మళ్లీ జారిపోతున్నారంటే మీకు మరో బైబిలు స్టడీ అక్కర్లేదు. ముగ్గురు నలుగురు ఉండే, అనుమతితో ప్రశ్న వేసే గుంపు కావాలి. శోకమో, అలసటో ఉంటే కొన్నాళ్లు ఆరాధన క్రమం ఉన్న చోట వెనక వరుసలో కూర్చోవడం తప్పేమీ కాదు. నాయకత్వంలో ఉండి, అందరికీ జవాబులు చెప్పి చెప్పి మీ లోపల ఏముందో తెలియని స్థితికి వచ్చినట్టయితే మీ సంఘం బయట ఉన్న ఒక మార్గదర్శిని వెతుక్కోండి. సొంత సంఘంలో కాపరికి మనసు విప్పే చోటు సాధారణంగా దొరకదు.

ఇది చదువుతున్నవారు పెద్దలైతే, అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మనుషులు తక్కువగా ఉన్న సంఘంలో ఆరు కార్యక్రమాలు నడపడం కన్నా, ప్రసంగ వాక్యాన్ని బుధవారం కూటంలో మళ్లీ తీసి ‘ఇది ఈ మూడు రోజుల్లో ఏమైంది?’ అని అడగడం మొదలుపెట్టండి. దీనికి కొత్త పుస్తకం కొననవసరం లేదు, కొత్త గది కట్టనవసరం లేదు. మొదటి నెల ‘దేవుని కృప’ అనే జవాబే వస్తుంది. అప్పుడు నాయకుడే ముందుగా తన సంగతి చెప్పాలి, అదీ ఎప్పుడో జయించిన పాత కథ కాదు, ఈ వారం ఓడిపోయినది.

నా మూడు నోటు పుస్తకాల విషయానికొస్తే, ఇప్పుడు నాలుగోది రాస్తున్నాను. తీర్మానాలు తక్కువ. నెలకు రెండుసార్లు నాకన్నా పదిహేనేళ్లు పెద్దాయన ఒకరితో కూర్చుంటాను. కూర్చోగానే ఆ పుస్తకం ఇలా ఇమ్మంటారు, చివరి పేజీ తెరిచి గీత కింద రాసింది పైకి చదువుతారు. చదివాక ఏమీ అనకుండా నా వంక చూస్తారు. కోపం గురించి కిందటిసారి అలా చూసినప్పుడు, దారిలో అనుకున్న జవాబులేవీ నోటికి రాలేదు.